పలాసలో లోన్ ఫైలు కట్టేవాడి పనితనం

కాశీబుగ్గలో ఎవరైనా ఇల్లు చూసి నచ్చిందనుకున్నాక అడిగే మొదటి మాట ధర గురించి కాదు. "దీనికి లోన్ అవుద్దా?" అన్నదే. ఆ ప్రశ్నకు నికరమైన జవాబు చెప్పగలవాడు ఊళ్లో ఒకరిద్దరికి మించి ఉండరు. అతను బ్యాంకు ఉద్యోగి కాదు. వకీలూ కాదు, దస్తావేజు లేఖరీ కాదు, ఇంజినీరూ కాదు. కాని ఈ నలుగురి బల్లల మీదా కాగితం ఎక్కడ ఆగిపోతుందో ముందే తెలిసినవాడు. నియామక పత్రంలో అతను డీఎస్ఏ, అంటే డైరెక్ట్ సెల్లింగ్ ఏజెంటు. స్టేట్ బ్యాంకు అయితే హోమ్ లోన్ కౌన్సిలర్ అంటుంది. జనానికి మాత్రం లోన్ ఏజెంటే.

శ్రీకాకుళం జిల్లాలో పలాస, టెక్కలి నుంచి ఉద్దానం తీరం వరకు ఈ పనిని బాగా చేసేవాళ్లు ఏం చేస్తారో దగ్గరగా చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. చూడవలసింది వాళ్ల మాటకారితనాన్ని కాదు, వాళ్ల చేతిలోంచి బ్యాంకుకు వెళ్లే ఫైలును. మంచి ఫైలు అంటే అవతల అడగబోయే ప్రతి ప్రశ్నకూ ముందే జవాబున్న ఫైలు.

ముందు అతని హద్దు తెలుసుకోవాలి. అప్పు మంజూరు చేసే నిర్ణయాన్ని బ్యాంకులు బయటివాళ్లకు అప్పగించకూడదని రిజర్వు బ్యాంకు 2006లోనే ఔట్‌సోర్సింగ్ మార్గదర్శకాల్లో రాసింది. కాబట్టి "నేను శాంక్షన్ చేయిస్తాను" అనే ఏజెంటు తనకు లేని అధికారం గురించి మాట్లాడుతున్నాడు. అతనికి ఉన్నదల్లా కాగితాలను సేకరించి, చదివి, పొందిగ్గా పేర్చే పని. దానికి కమీషను బ్యాంకు ఇస్తుంది, అదీ డబ్బు విడుదలయ్యాకే. లోన్ కాకపోతే అతని తిరుగుడంతా వృథా. ఈ ఏర్పాటులో ఒక ప్రలోభం ఉంది: ఎలాగోలా ఫైలు గట్టెక్కిస్తే చాలు, మంచి చెడ్డలు తర్వాత అన్న ప్రలోభం. పనిమంతుడికీ పని నడిపేవాడికీ తేడా అక్కడే మొదలవుతుంది.

ఒక ఇల్లు, నాలుగు రకాల సంపాదన

ఉద్దానంలో ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రికి రెండెకరాల జీడితోట, కొన్ని కొబ్బరిచెట్లు. తల్లి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనికి వెళ్తుంది. పెద్దకొడుకు సైన్యంలో జవాను. చిన్నవాడు గల్ఫ్‌లో వెల్డరు. ఈ ప్రాంతంలో ఇలాంటి ఇల్లు అరుదేమీ కాదు. నలుగురూ సంపాదిస్తున్నారు. అయినా బ్యాంకు కంటికి నాలుగు సంపాదనలూ ఒకేలా కనిపించవు.

తోట ఆదాయం ఏడాదికొకసారి, వేసవిలో పిక్కలు రాలే రోజుల్లో వస్తుంది. అప్పు వాయిదా మాత్రం నెలనెలా కట్టాలి. ఫ్యాక్టరీ కూలి నికరమైనదే, కాని చేతికి నగదుగా వస్తే దానికి సాక్ష్యం ఉండదు. జవాను జీతానికి పే స్లిప్పు, ఫారం 16 ఉంటాయి, బ్యాంకు మారుమాట లేకుండా నమ్ముతుంది. కాని సంతకానికి మనిషి సరిహద్దులో ఉంటాడు. గల్ఫ్ జీతం పెద్దదే. అయితే పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం, ఎన్ఆర్ఈ ఖాతా స్టేట్‌మెంటు అన్నీ ఒకదానితో ఒకటి సరిపోవాలి.

సాధారణ ఏజెంటు నలుగురి కాగితాలూ కలిపి సమర్పిస్తాడు. పనితెలిసినవాడు ముందు ఎవరిని ప్రధాన దరఖాస్తుదారుగా పెట్టాలో తేల్చుకుంటాడు. ఇక్కడ జవానే సరైనవాడు. అందుకే ఇల్లు చూడక ముందే "అన్నకి సెలవు ఎప్పుడు బాబూ?" అని అడుగుతాడు. శాంక్షన్ సంతకాలు, రిజిస్ట్రేషను, తనఖా పత్రం ఆ సెలవు రోజుల్లోనే పడేలా వెనకనుంచి ముందుకు లెక్క వేస్తాడు. అది కుదరకపోతే ప్రత్యేక పవర్ ఆఫ్ అటార్నీ రాయిస్తాడు. చిన్నకొడుకు గల్ఫ్ నుంచి పవర్ పంపితే అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు చేయించాలని స్టాంపు చట్టం చెబుతుంది. ఆ గడువు జారిపోతే మొత్తం పని మళ్లీ మొదటికి వస్తుంది.

ఇంకో మెలిక ఉంది. ప్రవాస భారతీయులు వ్యవసాయ భూమి, తోట, ఫాంహౌస్ కొనకూడదని విదేశీ మారక చట్టం నిబంధనలు చెబుతున్నాయి. వారసత్వంగా వస్తే వేరే సంగతి. గల్ఫ్ కుర్రాడి పేరు కొనుగోలుదారుగా చేర్చాలంటే ఆ స్థలం రికార్డుల్లో ఇంకా జీడితోటగానే ఉందా, ఇళ్ల స్థలంగా మారిందా అన్నది ముందు చూడాలి. రోడ్డు వేసి, రాళ్లు పాతి, రంగులు పూసినంత మాత్రాన తోట తోటగా ఉండటం మానదు.

ఇక వడ్డీ. నికరమైన కాగితాలున్న జవానుకు 20 లక్షలు, 20 ఏళ్లకు, ఏటా 8.5 శాతం మీద దొరికిందనుకుంటే నెల వాయిదా 17,356 రూపాయలు. అదే మొత్తం, ఆదాయాన్ని అంచనా వేసి అప్పిచ్చే ఒక ఫైనాన్స్ కంపెనీలో 12 శాతం మీద తీసుకుంటే 22,022 రూపాయలు. నెలకు 4,666 తేడా. ఇరవై ఏళ్లలో అది 11 లక్షలు దాటుతుంది. దరఖాస్తుదారుల పేర్ల వరస మార్చడం వల్ల ఒక ఇంటికి 11 లక్షలు మిగిలితే, ఆ మార్పు చేసినవాడి పనితనానికి అంతకంటే కొలత ఏముంటుంది? ఫైనాన్స్ కంపెనీలు అక్కరలేదని కాదు. పే స్లిప్పు లేని మేస్త్రీకి, చెన్నైలోనో హైదరాబాదులోనో రోజుకూలికి తిరిగే వలస కుటుంబానికి చాలాసార్లు అవే దిక్కు. కాని మంచి ఏజెంటు ఆ తలుపు ఆఖరున తడతాడు.

సిబిల్ చదవడం

300 నుంచి 900 వరకు ఉండే సిబిల్ స్కోరు అంకెను ఫోనులో ఎవరైనా చూడగలరు. పనిమంతుడు చూసేది అంకెను కాదు, దాని కింద ఉన్న వరసలను. తమ్ముడి బండికి ఇచ్చిన జామీను, పండక్కి వాయిదాల్లో కొన్న టీవీ, విడిపించడం ఆలస్యమైన బంగారు రుణం, రెన్యువల్ చేయని పంట రుణం అన్నీ అక్కడ ఉంటాయి. వాటిలో రెండు మాటల మధ్య తేడాను అతను వదలడు. అప్పు పూర్తిగా తీర్చేస్తే 'క్లోజ్డ్' అని పడుతుంది. కొంత మాఫీ చేయించుకుని వదిలించుకుంటే 'సెటిల్డ్' అని పడుతుంది. మనకు రెండూ అప్పు తీరిపోవడమే. బ్యాంకుకు రెండోది ఎగవేతకు దగ్గరి చుట్టం.

తప్పు పడి ఉంటే సరిచేయించే హక్కు ఉంది. ప్రతి క్రెడిట్ సమాచార సంస్థా ఏడాదికి ఒక పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లోగా సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అందుకే మంచి ఏజెంటు బయానా ఇవ్వక ముందే నివేదిక తీయిస్తాడు. బయానా ఇచ్చాక గడువు పరుగెడుతుంది, దిద్దుబాటు మాత్రం నడుస్తుంది.

ఒకే ఫైలును అయిదారు బ్యాంకుల్లో ఒకేసారి పడేయడమూ పనితనం కాదు. ప్రతి బ్యాంకూ నివేదిక తీసినప్పుడల్లా ఆ విచారణ నమోదవుతుంది. తరచూ అప్పు కోసం తిరుగుతున్నాడన్న ముద్ర పడితే స్కోరు తగ్గుతుంది. పనిమంతుడు ఒక బ్యాంకును ఎంచుకుంటాడు, రెండోదాన్ని మనసులో ఉంచుకుంటాడు.

నేలను చదవడం

అసలు పని ఇక్కడ ఉంది. మనిషి ఎంత మంచివాడైనా నేల కాగితం చెడితే లోన్ లేదు. ఈ ప్రాంతపు నేల కాగితమేమో మామూలుది కాదు.

టెక్కలి, మందస ఒకప్పుడు జమీందారీలు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా ఈ తీరం గంజాం జిల్లాలో ఉండేది. ఆ తర్వాత విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022లో పలాస రెవెన్యూ డివిజను అయింది. అంటే ఒకే చెక్క నేల మీద ముత్తాత కాగితంలో గంజాం, తాత కాగితంలో విశాఖపట్నం, తండ్రి కాగితంలో శ్రీకాకుళం జిల్లా ఫలానా తాలూకా, కొడుకు కాగితంలో ఫలానా మండలం అని ఉండవచ్చు. ఇవన్నీ ఒకే నేల గురించేనని బ్యాంకు ప్యానెల్ వకీలుకు నమ్మకం కుదిరేలా చూపించాలి.

1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ పోయి రైత్వారీ పట్టాలు వచ్చాయి. అందుకే ఇక్కడి పాత ఎస్టేటు గ్రామాల్లో భూమి మూలం తేల్చాలంటే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ చూడాలి. అందులో ప్రభుత్వ భూమి అనో, చెరువు అనో, ఇనాం అనో ఉంటే, తర్వాత ఎన్ని దస్తావేజులు రిజిస్టరైనా పునాది కదిలినట్టే. చాలామంది ఏజెంట్లు అమ్మకందారు చేతిలోని రెండు దస్తావేజులు, ఒక ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూసి ఆగిపోతారు. నేర్పరి మొదలుదాకా వెళ్తాడు.

ఈసీ సంగతి కూడా అలాంటిదే. 1983 నుంచి ఉన్న లావాదేవీలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో పాత పుస్తకాల్లోంచి తీయించాలి. బ్యాంకు వకీళ్లు సాధారణంగా 30 ఏళ్ల చరిత్ర అడుగుతారు. తనఖా విడిపించుకునే దావాకు లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు 30 ఏళ్లు కావడం అందుకు ఒక కారణం. అయితే ఈసీలో కనిపించేది రిజిస్టరైన వ్యవహారం మాత్రమే. నోటి మాట పంపకం అందులో ఉండదు. దస్తావేజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన పాత అప్పు రిజిస్టరు కాకపోతే అదీ ఉండదు. అందుకే 2011లో మొదలైన సెర్సాయ్ కేంద్ర రిజిస్ట్రీలో కూడా వెతకాలి. వెతికేటప్పుడు సర్వే నంబరు ఒక్కటే ఇచ్చి ఊరుకోకూడదు. 45/2 అని ఒకచోట, 45-2ఎ అని మరోచోట, రీసర్వే జరిగిన గ్రామాల్లో కొత్త ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరుతో ఇంకోచోట అదే నేల కనిపిస్తుంది. పాతదానికీ కొత్తదానికీ పొత్తు కుదిర్చిన ఒక కాగితాన్ని ఫైలులో పైనే పెట్టడం మంచి పనివాడి గుర్తు.

డి-పట్టా నేల ఇంకో ఉచ్చు. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమిని అమ్మడం 1977 చట్టం ప్రకారం చెల్లదు. 2023లో చేసిన సవరణ ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు పూర్తి హక్కు వచ్చే దారి తెరిచింది. మరుసటి ఏడు ప్రభుత్వం మారాక అలాంటి భూముల రిజిస్ట్రేషన్లు నిలిపి విచారణకు పెట్టారు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూడకుండా బయానా ఇవ్వడం సాహసం కాదు, అజాగ్రత్త.

ఉద్దానం పల్లెల్లో ఇళ్లు చాలా వరకు గ్రామకంఠంలో ఉంటాయి. తరతరాలుగా అనుభవం ఉంటుంది, ఇంటి పన్ను రశీదు ఉంటుంది, కరెంటు బిల్లు ఉంటుంది, మూల దస్తావేజు మాత్రం ఉండదు. ఇలాంటి ఇంటికి పెద్ద బ్యాంకులు వెనకాడతాయి. గ్రామాల్లో ఇళ్ల స్థలాలను కొలిచి ఆస్తి కార్డులివ్వడానికి కేంద్రం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం మొదలుపెట్టింది. ఆ కార్డు ఉందా, లేకపోతే పాత పన్ను రశీదులు ఎన్నేళ్లవి దొరుకుతాయి, కుటుంబంలో రిజిస్టరైన పంపకపు పత్రం ఉందా అని ఒక్కొక్కటీ కూర్చుకుంటూ పోయే ఓపిక ఇక్కడ కావాలి.

తీరానికి వస్తే సముద్రం కూడా ఒక హద్దుదారే. బారువ, నువ్వలరేవు, భావనపాడు వంటి చోట్ల పోటు గీత నుంచి 500 మీటర్ల వరకు తీర నియంత్రణ జోన్ (సీఆర్‌జెడ్) నిబంధనలు వర్తిస్తాయి. గ్రామీణ తీరంలో ఆ గీతకు మరీ దగ్గరలో కొత్త కట్టడాలకు తావులేని మేర ఒకటుంది. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్ 19న పోర్టుకు శంకుస్థాపన జరిగింది. పోర్టు పేరు వినగానే ప్లాటు కొనాలనుకునేవాళ్లకు మంచి ఏజెంటు మొదట అడిగే ప్రశ్న ధర గురించి కాదు. లేఅవుటు అనుమతి ఎవరిచ్చారు, ఆమోదించిన ప్లానులో ఆ ప్లాటు నంబరు ఉందా, ఉమ్మడి స్థలంగా చూపించిన ముక్కనే ప్లాటు చేసి అమ్ముతున్నారా అని.

సంతకం చేయని చెల్లెలు

ఈ పనిలో నాకు ఎక్కువ మెచ్చుకోలు కలిగించేది కుటుంబాన్ని చదివే తీరు. అమ్మేవాడు "మా నాన్న ఆస్తి, మేమిద్దరన్నదమ్ములం" అంటాడు. నేర్పరి ఏజెంటు వెంటనే అడుగుతాడు: "మరి ఆడపిల్లలెంతమంది మావయ్యా?"

ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం పెళ్లయినవాళ్లతో సహా అందరికీ ఇచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం ఈ చట్టం కదిలించదు. అందుకే పంపకపు పత్రం తేదీ ఒక్కటి సరిగా చూస్తే సగం చిక్కు విడిపోతుంది. తేదీ కలిసి రాకపోతే సోంపేటలోనో, బరంపురంలోనో, అండమాన్‌లోనో అత్తవారింట ఉన్న చెల్లెలి సంతకం కావాలి. ఆ సంతకం తెప్పించడానికి చట్టం ఒక్కటే చాలదు. అన్నాచెల్లెళ్ల మధ్య పాత మనస్పర్థ తెలిసి, ఎవరి ద్వారా కబురంపితే మాట నిలుస్తుందో ఎరిగి ఉండాలి. ఏ బ్యాంకు శిక్షణలోనూ నేర్పని విద్య ఇది.

పేర్ల చిక్కు కూడా ఇక్కడిదే. దస్తావేజులో అప్పలస్వామి, ఆధార్‌లో అప్పలసామి, పాన్ కార్డులో ఇంటిపేరు పొట్టక్షరం మాత్రమే. పెళ్లయిన స్త్రీకి రెండు ఇంటిపేర్లు. ఈ పేర్లన్నీ ఒకరివేనని చెప్పే అఫిడవిట్టు చివర్లో తగిలించడం మామూలు పని. మొదట్లోనే ఆధార్, పాన్ సరిచేయించి, తప్పని చోట మాత్రమే అఫిడవిట్టు పెట్టడం మంచి పని.

ధర ఎంతని రాయాలి?

ఇంటి ధర 25 లక్షలు. అమ్మేవాడు 15 లక్షలకు రిజిస్టరు చేద్దామంటాడు. రాష్ట్రంలో స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను రుసుము కలిపి 7.5 శాతం. 10 లక్షలు తగ్గించి రాస్తే మిగిలేది 75,000. కొనేవాడికి ఆశ పుడుతుంది.

ఏజెంటు కాగితం తీసి లెక్క చూపిస్తాడు. 30 లక్షల లోపు గృహ రుణానికి ఆస్తి విలువలో 90 శాతం వరకు ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. రిజిస్టరు విలువ, వాల్యూయరు కట్టిన విలువ రెంటిలో తక్కువదాన్నే బ్యాంకులు చూస్తాయి. 25 లక్షలని రాస్తే 22.5 లక్షల దాకా అవకాశం. 15 లక్షలని రాస్తే 13.5 లక్షలే. 75,000 ఆదాకోసం 9 లక్షల అప్పు పోతుంది, ఆ లోటును నగదుగా ఎక్కడినుంచో తేవాలి. పైగా స్థిరాస్తి అమ్మకానికి 20,000 రూపాయలు గాని, అంతకు మించి గాని నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తుంది. ఒక మాట కూడా గట్టిగా అనకుండా, అంకెలతోనే అమ్మేవాడినీ కొనేవాడినీ నిజమైన ధరకు తేవడం ఈ పనిలో చాలా అందమైన ఘట్టం. స్టాంపు సుంకానికి విడిగా డబ్బు దాచుకోవాలని కూడా అప్పుడే చెబుతాడు. ఎందుకంటే ఆస్తి విలువ 10 లక్షలు దాటితే ఆ ఖర్చును విలువలో కలపకూడదు.

పలాస-కాశీబుగ్గ మున్సిపాలిటీ పరిధిలో కొనేవారికి ఇంకో లెక్క ఉంది. 2024 సెప్టెంబరు 1 నుంచి అమలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0లో, ఏటా 9 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి, 35 లక్షల లోపు ఇంటికి, 25 లక్షల లోపు అప్పు తీసుకుంటే మొదటి 8 లక్షల మీద 4 శాతం వడ్డీ రాయితీ ఉంది. గరిష్ఠంగా 1.80 లక్షలు, అయిదు వార్షిక వాయిదాల్లో. అయితే దేశంలో ఎక్కడా కుటుంబానికి పక్కా ఇల్లు ఉండకూడదు. ఊళ్లో తన పేరున స్లాబు ఇల్లున్నవాడికి రాయితీ ఆశ చూపి ఫైలు కట్టడం మోసం. మంచి ఏజెంటు ఆ మాట ముందే చెప్పేస్తాడు.

తుపాను, జబ్బు, బీమా

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. అలాంటి చోట ఇంటి బీమా గురించి మాట్లాడటం మర్యాదకు చేసే పని కాదు. ఇంటికి తుపాను, వరద వర్తించే బీమా ఉందా అని చూడాలి. అసలు దస్తావేజు నీటిలో పోయిందంటే పోలీసు ఫిర్యాదు, పత్రికా ప్రకటన, సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుంచి సర్టిఫైడ్ నకలు, ఈ వరసలో నడవాలి. నకలుతో అప్పిచ్చేందుకు బ్యాంకు ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కోవాలి.

ఉద్దానానికి ఇంకో గాయం ఉంది. కారణం ఇదీ అని తేలని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఇక్కడ ఎన్నో ఇళ్లను పట్టి పీడిస్తోంది. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఇలాంటి చోట అప్పుకు ముడిపెట్టి అమ్మే జీవిత బీమా ఫారంలో ఆరోగ్యం గురించి ఉండే ప్రశ్న దగ్గరే ఏజెంటు నిజాయతీ తేలిపోతుంది. "క్రియాటినిన్ మాట రాయకండి, పాలసీ అవదు" అని చెప్పేవాడు ఆ రోజు కమీషను సంపాదించుకుంటాడు. జబ్బు దాచినట్టు బయటపడితే మొదటి మూడేళ్లలో క్లెయిము తిరస్కరించే వీలు బీమా చట్టం 45వ సెక్షను కంపెనీకి ఇస్తోంది. అప్పుడు ఇల్లు కూడా బ్యాంకుకు పోయే ప్రమాదంలో పడుతుంది. పనిమంతుడు నిజం రాయిస్తాడు. పాలసీ రాకపోతే సంపాదించే కొడుకునో కూతురినో సహ దరఖాస్తుదారుగా చేర్చి, వాయిదా ఒక్కరి జీతంతోనే తట్టుకోగలిగేలా అప్పు మొత్తాన్ని తగ్గిస్తాడు. బ్యాంకు చెప్పిన కంపెనీ పాలసీయే కొనాలన్న నిర్బంధం లేదని కూడా చెబుతాడు.

రిజిస్ట్రేషను రోజు, ఆ తర్వాత

రిజిస్ట్రేషను రోజున కాశీబుగ్గలోనో టెక్కలిలోనో సబ్ రిజిస్ట్రారు కార్యాలయం దగ్గర అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, సాక్షులు, బ్యాంకు మనిషి, డీడీ అంతా ఒకేసారి ఉండాలి. ఆ ఆస్తి మీద అమ్మకందారుకు పాత బ్యాంకు అప్పు మిగిలి ఉంటే ముందు దాన్ని తీర్చి దస్తావేజులు విడిపించాలి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు మరో మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. పాత బ్యాంకు పేరున తనఖా ఉంటే విడుదల పత్రం ఎవరివ్వాలో ఆరోజు వెతుక్కుంటే కుదరదు.

అప్పు మొదలయ్యాక కూడా పనిమంతుడి మాట ఉపయోగపడుతుంది. 2024 అక్టోబరు 1 నుంచి ప్రతి గృహ రుణానికీ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. అందులో వడ్డీతో పాటు అన్ని రుసుములూ కలిసిన అసలు వార్షిక ఖర్చు ఉంటుంది. అది చదివి వినిపించే ఏజెంటు మంచివాడు. మారే వడ్డీ మీద తీసుకున్న గృహ రుణాన్ని వ్యక్తులు ముందే తీర్చేస్తే జరిమానా లేదు. జీడి సీజనులో చేతికొచ్చిన డబ్బు కొంత అసలుకు కట్టవచ్చు. అప్పు పూర్తిగా తీరాక 30 రోజుల్లోగా దస్తావేజులు తిరిగి ఇవ్వకపోతే బ్యాంకు రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి. ఈ నిబంధన 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. తనఖా తీరినట్టు ఈసీలో నమోదయ్యేదాకా ఫైలు ముగిసినట్టు కాదు.

తీర్పు

పోలికకు చూస్తే, ఆస్ట్రేలియాలో ఇళ్ల అప్పుల్లో ఎక్కువ భాగం బ్రోకర్ల ద్వారానే నడుస్తాయి. అప్పు తీసుకునేవాడి మేలే ముందు చూడాలన్న బాధ్యతను అక్కడ 2021 జనవరి 1 నుంచి చట్టమే బ్రోకరు మీద పెట్టింది. మెల్‌బోర్న్‌లో ఇల్లు కొనే మన తెలుగువాడికి ఆ రక్షణ ఉంది. పలాసలో కొనేవాడికి అంత కచ్చితమైన చట్టం లేదు. ఇక్కడి డీఎస్ఏ బ్యాంకు తరఫు మనిషి. కాబట్టి కొనేవాడి మేలు ఏజెంటు మనస్సాక్షి మీదా, పనితనం మీదా ఆధారపడి ఉంటుంది. ఆ లోటు తీరేదాకా మంచి ఏజెంటును గుర్తుపట్టడం మనమే నేర్చుకోవాలి.

గుర్తులు కష్టమైనవి కావు. మొదటి రోజే బయానా ఇవ్వమని తొందరపెట్టడు. జీతం కాగితాల కంటే ముందు లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి పాత దస్తావేజులు అడుగుతాడు. ప్రాసెసింగ్ ఫీజు తన చేతికి కాక బ్యాంకు ఖాతాకే కట్టమంటాడు. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టించుకోడు. లేని జీతానికి పే స్లిప్పు తయారు చేస్తాననడు. అన్నిటికంటే పెద్ద గుర్తు, ఎప్పుడో ఒకప్పుడు "ఈ సైటు వద్దు బాబూ" అని ఉంటాడు. ఆ మాట అన్న రోజున అతనికి కమీషను రాలేదు, అయినా అన్నాడు.

మీరు ఇల్లు కొనబోతుంటే ఏజెంటును అతను ఎన్ని లోన్లు చేయించాడని అడగకండి. ఈ మధ్య ఏ ఫైలు వద్దన్నాడో, ఎందుకు వద్దన్నాడో అడగండి. దానికి సూటిగా, కారణంతో సహా జవాబు చెప్పినవాడి చేతిలో మీ దస్తావేజులు పెట్టండి.